దారి తెరిచాను

ముందు తాళాలు, తర్వాత బెల్టు, ఆ తర్వాత సెల్‌ఫోను. ఇనపాయన తలుపు పక్కనున్న చెక్క ట్రేలో తన సామాను తనే పెట్టుకుని, తన జేబులు తనే తడుముకుని, ఎదురుగా ఎవరో నిలబడినట్టు తనను తనే ప్రశ్నించుకున్నాడు. ఒంట్లో ఇనుము ఏదైనా ఉందా? ఎముకలకు వేసిన మరలు? గుండెకు పెట్టిన మిషను?

"లేదు," అని పైకే అన్నాడు. ఇవాళ్టికి అది నిజమే.

హాల్లోకి అడుగుపెట్టే ప్రతి మనిషినీ ఈ ప్రశ్నలు అతనే అడుగుతాడు. లోపల పరీక్షకు వచ్చేవి అయస్కాంతాల తీగ చుట్టలు. ఎక్కడో నేల కింద సొరంగంలో, కంటికి ఆనని కణాలను గుండ్రంగా పరుగు పెట్టించే యంత్రం ఒకటుంది. ఈ చుట్టలన్నీ దానికోసమే. ఒక్కోదాన్నీ బావి లాంటి తొట్టిలోకి దించి, ద్రవ హీలియం పోసి, ఇక ఇంతకు మించి చల్లబడటానికి ఏమీ మిగల్లేదనిపించేంత చలిలో ముంచుతారు. ఆ చలిలో తీగ కరెంటుకు అడ్డు చెప్పడం మానేస్తుంది. ఎంత పంపితే అంత మోస్తుంది. అప్పుడు దాని దాపుల్లో ఓ ఇనప స్పానరు మర్చిపోయారా, ఇక అది స్పానరు కాదు, తుపాకీ గుండు.

అందుకే అతనికా పేరు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా బతికి లేదు. పొట్టి మనిషి, లావు మణికట్లు. చలి కరిచి కరిచి గోళ్ళు నల్లబడ్డాయి. కనుబొమలు మాత్రం వయసు వల్ల తెల్లబడ్డాయో, పొద్దస్తమానం ఆ పొగమంచులో నిలబడటం వల్లో చెప్పడం కష్టం. ఓసారి పెద్ద అధికారి ఒకాయన తనిఖీకి వస్తే, బెల్టు తీయాల్సిందేనని తలుపు దగ్గరే నిలబెట్టేశాడు. ఆయన ఒంటి చేత్తో ప్యాంటు పట్టుకుని హాలంతా తిరిగి, రెండో చేత్తోనే అందరికీ షేక్‌హ్యాండ్లు ఇచ్చాడు. ఆ కథ చెప్పుకుని హాలు ఇప్పటికీ నవ్వుతుంది.

నవ్వని సంగతి ఒకటుంది. అది ఇక్కడెవరికీ తెలీదు.

రెండు నెలల కిందట అతను స్నానాల గదిలో పడిపోయాడు. సబ్బు మీద జారానని ఇంట్లో బుకాయించాడు గానీ భార్య నమ్మలేదు. రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఛాతీకి తీగలంటించి, కాగితం మీద గీతలన్నీ చూసి డాక్టరు తేల్చి చెప్పాడు: మీ గుండె మధ్యమధ్యలో కొట్టుకోవడం మర్చిపోతోంది. ఆ సమయాన కళ్ళు తిరుగుతాయి, తెలివి తప్పుతుంది, ఏదో ఒక రోజు మళ్ళీ మొదలెట్టడం కూడా మర్చిపోవచ్చు. భయపడకండి, మెడ ఎముక కింద చిన్న మిషను పెడితే హాయిగా బతుకుతారు. ఇంతకీ ఏం పని చేస్తారు?

ఇనపాయన చెప్పాడు. డాక్టరు కలం కింద పెట్టేశాడు.

"అయితే ఇక ఆ హాల్లో కాలు పెట్టకూడదండీ. ఆ అయస్కాంతం దగ్గర ఈ మిషను తిక్కతిక్కగా పనిచేస్తుంది. ఇంకేదైనా పని చూసుకోండి."

తర్వాత డాక్టరు చాలా చెప్పాడట, జాగ్రత్తలు, మందులు, తిండి. అవన్నీ భార్య వింది. అతని చెవికి ఆ మొదటి మాట తర్వాత ఏమీ ఎక్కలేదు. ఇంకేదైనా పనట! వయసులో గ్యాస్ సిలిండర్లు దొర్లించడానికి వచ్చినవాడు, ఈ హాల్లోనే మీసం నెరిసినవాడు, ఇంకే పని చూసుకుంటాడు? ఇంట్లో టీవీ రిమోటు కూడా అతని మాట వినదు. ఇక్కడ మాత్రం అతను ఊ అంటేనే కరెంటు కదులుతుంది. మనిషికి తను ఎవరో తెలిసే చోటు ఎక్కడో ఒకటి ఉండాలి కదా, అతనికి ఇదే.

"ఈ చుట్ట అయిపోనీ," అన్నాడు భార్యతో. ఆ చుట్ట అయింది. ఇంకోటి వచ్చింది. "ఇది కూడా కానీ," అన్నాడు.

"చుట్టలకేం, వస్తూనే ఉంటాయి. నాకు మీరొక్కరే కదండీ," అందామె. ఆ తొట్టి నాకు సవతి అని పెళ్ళైన కొత్తల్లో నవ్వుతూ అనేది. ఈమధ్య నవ్వకుండా అంటోంది.

నెత్తీ నోరూ కొట్టుకుని చివరికి ఇవాళ్టికి ఒప్పించింది. ఆసుపత్రిలో మంచం తీసి పెట్టారు. మూడింటికల్లా గేటు దగ్గరికి వస్తానంది. "నేనొచ్చేసరికి మీరు బయట ఉండాలి. ఆ చుట్ట నిలబడినా సరే, పడుకున్నా సరే."

"ఉంటాలే," అన్నాడు. అప్పటికి ఇది గట్టెక్కకపోతుందా అన్నది అతని లెక్క.

కానీ ఈ చుట్ట మొండిది. చుట్టలన్నీ మొదట్లో కాస్త మొండికేస్తాయి. కరెంటు పెంచుతూ పోతుంటే లోపల ఎక్కడో తీగ వెంట్రుకవాసి కదులుతుంది, ఆ రాపిడికి ఆవగింజంత వేడి పుడుతుంది, అంతే, ఒక్కసారిగా చలి గుణమంతా పోయి, మోస్తున్న కరెంటు మొత్తం వేడిగా కక్కేస్తుంది. హీలియం భగ్గున మరిగి గాలై తన్నుకొస్తుంది. హాలు భాషలో దాన్ని "అలగడం" అంటారు. అలిగిన చుట్టకు మళ్ళీ హీలియం పోసి, మళ్ళీ బుజ్జగించి ఎక్కిస్తే, ఈసారి అంతకంటే కాస్త పైదాకా వెళ్ళి అలుగుతుంది. అలా అలిగి అలిగి మీటరు మీది ఎర్రగీత దాటి నిలబడితే పాసైనట్టు. ఇది నిన్న అలిగింది, మొన్న అలిగింది. ఇవాళ కూడా గీత అందకపోతే తీసి పక్కన పడేస్తారు.

పొద్దుటి నుంచీ హీలియం నింపారు. తొట్టి మూత చుట్టూ పైపుల మీద తెల్లగా మంచు పేరుకుంది. పైన ఇనుము కాని లోహంతో చేసిన అటక ఒకటుంది. పొడుగాడు నిచ్చెనెక్కి అక్కడ కూర్చున్నాడు. వాడికి నలభై దగ్గర పడుతోంది, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా హాల్లో వాడు పొడుగాడే. కరెంటు తీగలు తొట్టిలోకి దిగే చోట మంచు ఎలా కడుతోందో చూడటం వాడి పని. ఈ హాలు చూసుకునే మేడమ్ అద్దాల గదిలో మీటర్ల ముందుంది. కరెంటు ఆమె చేతిలో ఉంటుంది. ఇనపాయన కింద, తొట్టి పక్కన, పెద్ద పైపు దగ్గర నిలబడ్డాడు.

ఆ పైపే దారి. చుట్ట అలిగితే పుట్టుకొచ్చే హీలియం గాలి అంతా ఆ పైపులోంచి వెళ్ళి, గోడ అవతల ఉన్న పెద్ద రబ్బరు సంచిలోకి చేరాలి. హీలియం నింపేటప్పుడు దాని పిడి అడ్డంగా తిప్పి మూసి ఉంచుతారు, కరెంటు ఎక్కించే ముందు పైపు వెంట నిలువుగా తిప్పి తెరుస్తారు. కొత్త హాళ్ళలో అదంతా దానంతటదే జరుగుతుందట. ఇక్కడ చెయ్యే దిక్కు. దారి మూసి ఉండగా చుట్ట అలిగితే తొట్టి మూతకున్న రేకు పగిలి, ఆ గాలి మొత్తం హాల్లోకే ఎగజిమ్ముతుంది. హీలియం తేలిక, నేరుగా పైకే పోతుంది. అటక మీదున్న మనిషికి పీల్చుకోను గాలి ఉండదు. దగ్గూ రాదు, మంటా పుట్టదు, నిద్రపోయినట్టు పోతాడు.

అందుకని హాల్లో ఒక పద్ధతి ఉంది. మేడమ్ మైకులో అడుగుతుంది. ఎవరి చోట వాళ్ళు జవాబు చెప్తారు. చెప్పినదాన్ని ఇంకొకరు వెళ్ళి చూడరు. మాటంటే మాటే.

"పైన?"

"సిద్ధం మేడమ్."

"దారి?"

"దారి తెరిచాను."

సన్నగా రొద మొదలైంది. కరెంటు ఎక్కుతోంది. హాల్లో ఇక ఎవరూ మాట్లాడరు. ఇనపాయన గోడ మీది పెద్ద మీటరు ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇందాకట్నుంచీ ఒళ్ళు ఏదోలా ఉంది, కడుపులో ఖాళీగా, నీళ్ళలో నిలబడ్డట్టుగా. పొద్దున సరిగా తినకపోవడం వల్లేలే అని సర్దిచెప్పుకున్నాడు. ముల్లు మొన్న అలిగిన చోటు దాటింది. నిన్న అలిగిన చోటుకు దగ్గర పడుతోంది. "ఎక్కు తల్లీ, ఎక్కు," అని లోలోపల బతిమాలుతూ, అలవాటుకొద్దీ తోలు గ్లవుజు తొడిగిన చెయ్యి పైపు మీద వేశాడు.

చేతికి పిడి తగిలింది. అడ్డంగా తగిలింది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. పిడి అడ్డంగా ఉంది. అంటే దారి మూసి ఉంది. మేడమ్ అడగడం గుర్తుంది, తన గొంతు తనకు వినపడటం గుర్తుంది. మధ్యలో చెయ్యి పిడి దాకా వెళ్ళడం కూడా గుర్తుంది. తిప్పడం మాత్రం గుర్తులేదు. అక్కడ ఏమీ లేదు. సినిమా రీలులో ముక్క కోసేసినట్టు ఖాళీ.

తల ఎత్తి చూశాడు. అటక మీద పొడుగాడు గడ్డం కింద చేతులు పెట్టుకుని, మంచు వైపు చూస్తూ, కాలు ఊపుకుంటున్నాడు.

కేకేసే వ్యవధి లేదు. రెండు చేతులతో పిడి పట్టుకుని లాగాడు. మంచుకు బిగుసుకుపోయింది. ఒళ్ళంతా బరువు వేసి లాగాడు. కిర్రుమంటూ కదిలి, సగం దాకా వచ్చి, ఆగి, మళ్ళీ లాగితే పైపు వెంట నిలువుగా వచ్చి కూర్చుంది. ఎవరూ చూడలేదు. మేడమ్ కళ్ళు మీటర్ల మీదే ఉన్నాయి. ఇప్పుడు దారి తెరిచే ఉంది. తను అన్న మాట ఇప్పుడు నిజమే అయింది. ఊపిరి పీల్చుకుని, ఊరుకుంటే సరిపోతుంది. అవును, ఊరుకుందామనే అనుకున్నాడు. దాచడమెందుకు, అతనికి ముందు తట్టింది అదే.

అంతలోనే చుట్ట అలిగింది.

నేల కింద ఎవరో గుద్దినట్టు ధబ్బుమని చప్పుడు. ముల్లు సున్నాకు పడిపోయింది. అతని చేతి కింద పైపు హోరెత్తి వణికింది, చూస్తుండగానే ఈ చివర్నించి ఆ చివరికి తెల్లబడిపోయింది. గోడ అవతల రబ్బరు సంచి ఉబ్బుతూ చేసే నిట్టూర్పు వినిపించింది. అంతా వెళ్ళాల్సిన దారినే వెళ్ళింది.

"మళ్ళీ అలిగింది బాబాయ్!" పైనుంచి పొడుగాడు నవ్వాడు. "అయినా గీతకి దగ్గర్లోకొచ్చింది. ఇంకొక్క తోపు."

ఇనపాయన పైపును పట్టుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లో మోగుతోంది. కాసేపటి కిందట ఆ నవ్వే ఉండేది కాదు. ఆ కాలు అలా వేలాడుతూ ఉండేది, అంతే.

"ఏమైంది? దెబ్బ తగిలిందా?" మేడమ్ అద్దాల గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. పొడుగాడు నిచ్చెన దిగాడు.

"దారి తెరవలేదు మేడమ్," అన్నాడు ఇనపాయన.

"తెరిచే ఉందిగా. సంచిలోకే పోయింది."

"ఇప్పుడు తెరిచాను. అలగడానికి ముందు. ఇందాక తెరిచానన్నప్పుడు తెరవలేదు. నేను... నాకు గుండె బాలేదు మేడమ్. ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. మిషను పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే ఇక్కడికి రాకూడదన్నారు. అందుకని..."

"డాక్టరు చెప్పి ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు."

మేడమ్‌కు ముక్కు మీద కోపం, అందరికీ తెలుసు. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది. ఆమె ఒక్కసారి అటక వైపు చూసి, మొహం తెల్లగా పాలిపోయి, "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"చెప్తే రానివ్వరుగా."

"రానివ్వను," అందామె.

పొడుగాడు నిచ్చెన ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. వాడి మొహంలో నవ్వు చెదిరిపోవడానికి టైము పట్టింది, లెక్క మెల్లగా అర్థమవుతున్నట్టుంది.

"నాకిద్దరు పిల్లలు బాబాయ్."

ఇనపాయన తల దించుకుని ఏడ్చాడు. పెద్దవాడు, పదిమందిని తలుపు దగ్గర నిలదీసినవాడు, పైపు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒక మనిషిని చంపబోయానన్న భయం ఒకవైపు, ఇక ఇది అయిపోయిందన్న దుఃఖం ఒకవైపు. ఏ కన్నీరు దేనికో అతనికే తెలీలేదు.

మేడమ్ అంబులెన్స్ పిలుస్తానంది. మూడింటికి భార్య వస్తుందనీ, ఆసుపత్రిలో మంచం సిద్ధంగా ఉందనీ చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి తను కూర్చునే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తొట్టి పక్కన వేసింది. ఇన్నేళ్ళలో హాల్లో కుర్చీ వేసింది లేదు. ఇది నిలబడి చేసే పని.

"ఆవిడొచ్చేదాకా ఇందులోంచి లేచారో, చూడండి మరి," అంది. అంటూ అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కి కూర్చోబెట్టింది.

మళ్ళీ హీలియం నింపడం మొదలైంది. అతను చేసే పని పొడుగాడు చేస్తుంటే, కూర్చుని చూడటం ఎంత కష్టమో అతనికి ఇవాళే తెలిసింది. వాడు గొట్టం బిగిస్తుంటే ఇతని వేళ్ళు ఒళ్ళోనే తిరిగాయి. రెండుసార్లు "అలా కాదురా" అనబోయి మింగేశాడు. వాడు ఇతని వైపు చూడకుండానే పని చేశాడు. ఒకసారి మాత్రం వచ్చి మంచినీళ్ళిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి, తీసుకుని వెళ్ళాడు.

హీలియం నిండేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. ఈసారి అటక మీద ఎవరూ ఉండొద్దంది మేడమ్, కెమెరా పెట్టి చూస్తానంది. పొడుగాడు దారి దగ్గర నిలబడ్డాడు. పిడి పట్టుకుని నిలువుగా తిప్పి, మైకులో ప్రశ్న రాకముందే వెనక్కి తిరిగాడు.

"బాబాయ్, ఓసారి నువ్వూ చూడు."

ఇనపాయన కుర్చీలోంచే చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "తెరిచే ఉంది," అన్నాడు.

"దారి?" అంది మైకు.

"దారి తెరిచాను," అన్నాడు పొడుగాడు. ఆ మాట వేరే గొంతులో వినడం ఇనపాయనకు అదే మొదలు.

రొద మొదలైంది. ముల్లు కదిలింది. మొన్నటి చోటు దాటింది. నిన్నటిది దాటింది. అప్పుడు మైకులో మేడమ్ గొంతు తగ్గించి చెప్పింది: "గేటు నుంచి ఫోను. మీ ఆవిడ వచ్చారట."

పొడుగాడు తల తిప్పకుండా, "ఇదయ్యాక వెళ్దువుగానీ బాబాయ్. నిలబడేట్టే ఉంది. చూసెళ్ళు," అన్నాడు. పొద్దుటి సంగతి తర్వాత వాడి గొంతులో మెత్తదనం వినపడింది ఇప్పుడే.

అతనికీ చూడాలనే ఉంది. చూడాలనా? ప్రాణం పీకేస్తోంది. ఇంకెంతసేపు, కాస్తలో తేలిపోతుంది. ఆఖరుది. దీని తర్వాత జన్మలో చూడబోయేది లేదు. కాస్త ఆలస్యమైతే ఆమె మాత్రం ఏమంటుంది, ఇన్నాళ్ళు ఆగింది కదా... అక్కడ ఆగాడు. ఇది ఈ రెండు నెలలూ తను చెప్పుకుంటూ వచ్చిన మాటే. అక్షరం మారలేదు. ఇదొక్కటి కానీ, ఇది కూడా కానీ. ఆ మాట పొద్దున వాడి పిల్లల దాకా వెళ్ళి వచ్చింది.

ముల్లు పొద్దున అలిగిన చోటుకు చేరింది. అతను కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ముల్లు వైపు వీపు పెట్టాడు. అడుగులో అడుగు వేసుకుంటూ, గోడ పట్టుకుని, తలుపు దాకా నడిచి, తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. రొద మధ్య తలుపు చప్పుడు ఎవరికీ వినపడలేదు.

గేటు దగ్గర ఆమె బట్టల సంచీ ఒకటి, ఫ్లాస్కు ఒకటి పట్టుకుని, వాడిపోయిన మొహంతో నిలబడి ఉంది. దూరం నుంచి అతన్ని చూడగానే, పోట్లాడటానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఏమయ్యాయో గానీ, ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అయిపోయిందా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"ఇంకా ఎక్కుతోంది. మధ్యలో వచ్చేశా."

ఆమె ఆగిపోయి అతని మొహంలోకి చూసింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఎన్ని రాత్రుళ్ళు అన్నం చల్లారబెట్టుకుని కూర్చుందో, ఆఖరికి కాన్పు రోజున కూడా ఏదో చుట్ట గీత దాటాకే ఈ మనిషి ఆసుపత్రికి వచ్చాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాలు వైపు చూసింది, అతని వైపు చూసింది.

"పోనీ, ఓసారి చూసి రండి. నేనిక్కడే ఉంటాలే," అంది.

లోపల్నుంచి అప్పుడే ఏదో పెద్దగా వినపడింది. కేకో, చప్పుడో, ఇంత దూరానికి తెలీలేదు. అతని చెయ్యి ఆమె చేతిలో ఒక్కసారి బిగిసింది.

"వద్దు. పద," అన్నాడు.

వాళ్ళెక్కిన ఆటో కదిలి మలుపు తిరిగింది.

ఆ వినపడింది కేకే. హాల్లో ముల్లు ఎర్రగీత దాటి, అవతల నిలబడి, కదలకుండా ఉంది. మేడమ్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. పొడుగాడు ఒక చేత్తో పిడి వదలకుండానే, రెండో చెయ్యి పిడికిలి బిగించి గాల్లోకి ఎత్తి కేకపెట్టాడు. ఆ సంబరమంతా మొహంలో పెట్టుకుని, "బాబాయ్!" అంటూ వెనక్కి తిరిగాడు.

తొట్టి పక్కన తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే ఉంది. లేచేటప్పుడు మోకాలు తగిలిందేమో, కాస్త తలుపు వైపు తిరిగి ఉంది. దాన్ని ఆ రోజు ఎవరూ తీసి లోపల పెట్టలేదు.